మా మామ లాడ్జికి ఆట చూడటానికి వచ్చినవాళ్లు

మంగళవారం పొద్దున పదకొండు దాటాక ఫోన్ మోగింది. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి సందులో మా మామ మేనేజరుగా ఉన్న లాడ్జి నుంచి, గదులు ఊడ్చే ఆమె చేసింది. "అక్కా, మీ మామ కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. ఎంత పిలిచినా పలుకుతలేడు. జెర జల్ది రా" అంది. బోయిన్‌పల్లి నుంచి ఆటోలో నేను వెళ్లేసరికే డాక్టరు వచ్చి చూసి వెళ్లిపోయాడు. మామ కౌంటర్ వెనక గోడకు తల ఆనించి, కళ్లద్దాలు ముక్కు మీదికి జారి, ఎవరో చెప్పేది వింటున్నట్టే ఉన్నాడు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. నా చిన్నప్పుడే నాన్న పోతే నన్ను చదివించింది ఆయనే. బడి వదలగానే ఆ కౌంటర్ పక్కన స్టూలు మీద కూర్చుని హోంవర్కు చేసుకున్నదాన్ని నేను. అత్తమ్మ పోయాక ఆయన బన్సీలాల్‌పేట్‌లోని అద్దె ఇంటికి నిద్రపోవడానికే వెళ్లేవాడు. మిగతా బతుకంతా లాడ్జిలోనే గడిచింది.

దహనం అయిన మూడో రోజున పేపర్లో ఒక వార్త చూశాను. నగర శివారులో ఇంకో పెద్ద స్టేడియం కడతారట. దేశవిదేశాల నుంచి పర్యాటకులు విరగబడతారట. నమ్మని వాళ్ల కోసం ఒక పెద్ద అధికారి రుజువు కూడా చూపించారు. కిందటి క్రీడలప్పుడు సికింద్రాబాద్ లాడ్జీలు సందర్శకులతో కిటకిటలాడాయట, లాడ్జి మేనేజర్లు సంతకాలు పెట్టి ఇచ్చిన జాబితాలే సాక్ష్యమట. ఆ సంతకాల్లో ఒకటి మా మామది. అది అబద్ధం. ఆ అబద్ధం రాసింది నేను, ఆయనతో సంతకం పెట్టించింది నేను.

చితి ఆరి మూడు రోజులు కాలేదు, అప్పుడే మనిషిని సాక్షిగా లాక్కొచ్చి నిలబెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన పేరు ఆ జాబితాలోంచి బయటికి రావాలి, అప్పుడు నాకు కావలసింది అంతే. ఆ సంగతే ఈ నాలుగు ముక్కల్లో రాస్తున్నాను. ఇందులో కన్నీళ్ల కంటే కోపం ఎక్కువ ఉంటుంది. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మా మామ పద్ధతి ఒకటి చెప్పాలి. లాడ్జికి ఎవరు వచ్చినా ముందు పేరు అడగడు, ఊరు అడగడు. "ఏం పని మీదొచ్చిన్రు?" అంటాడు. కొందరికి అది నచ్చేది కాదు. ఒకసారి సూట్‌కేసు పట్టుకొచ్చిన ఒకాయన, "నా పని నీకెందుకయ్యా, గది ఉందా లేదా చెప్పు" అని గుడ్లురిమాడు. మామ తొణకలేదు. "గదులున్నయి సార్. పని తెలిస్తెనే ఏ గది ఇయ్యాల్నో తెలుస్తది" అన్నాడు. ఆయన ఇంటర్వ్యూకి వచ్చాడని తేలింది. నిలువెత్తు అద్దం ఉన్న గది ఇచ్చి, వెనకే ఇస్త్రీ పెట్టె పంపించాడు. మర్నాడు వెళ్లేటప్పుడు ఆ సూట్‌కేసాయన చెయ్యి కలిపి మరీ వెళ్లాడు.

దవాఖానాకు వచ్చినవాళ్లకు కింద అంతస్తు, వేన్నీళ్లు పట్టుకునే చోటికి దగ్గర. పరీక్ష రాసేవాళ్లకు రైళ్ల చప్పుడు వినపడని వెనక గదులు. పెళ్లి బట్టలు కొనడానికి వచ్చిన ఆడవాళ్లకు పైన పెద్ద గది, చీరలన్నీ మంచం మీద పరిచి చూసుకోవాలి కదా. ఇక ఇంట్లో కొట్లాడి వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లు పని చెప్పలేరు. నీళ్లు నములుతారు. అప్పుడు మామ రెండోసారి అడగడు. కౌంటర్‌కు ఎదురుగా ఉన్న గది ఇచ్చి, రెండు గంటలకోసారి తలుపు కొట్టి, "చాయ్ పంపాల్నా?" అని అడుగుతూ ఉంటాడు. చాయ్ కోసం కాదు, మనిషి పలుకుతున్నాడో లేదో చూసుకోవడానికి. ఆ గదిలో దిగి, రెండు రోజుల తర్వాత భార్యకు ఫోన్ చేసి ఇంటికెళ్లిన మనుషులను నేనే చూశాను.

ఆటలంటే గిట్టని మనిషేం కాదు. ఆదివారం పొద్దున గ్రౌండు గోడెక్కి కూర్చుని హాకీ చూసేవాడు. గోల్ తప్పితే తన కాలికే దెబ్బ తగిలినట్టు "అరెరె" అని తొడ చరుచుకునేవాడు. వయసులో ఉన్నప్పుడు వాలీబాల్ ఆడేవాడని అమ్మ చెప్పేది. "పోరలు ఆడుకోనీకి కట్టమను, ఇటుకలు నేను సుత మోస్త" అనేవాడు స్టేడియాల మాట వస్తే. "ఆడెటోళ్ల కోసం కడ్తున్నమని చెప్పనీకి సిగ్గేంది? ఎవరో వస్తరు, ఎవరో చూస్తరు అని వాళ్ల పేరు చెప్పుడెందుకు?"

ఈ మాట నాకు అప్పుడు చెవికెక్కలేదు. కొన్నేళ్ల కింద క్రీడల నిర్వహణకని ప్రభుత్వం పెట్టిన తాత్కాలిక ఆఫీసులో నేను కాంట్రాక్టు ఉద్యోగిని. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫైలు, నేల మీద కాలు నిలవడం లేదు నాకు. స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీలన్నిటి చేతా పది రోజులు గదులు ఆపించడం నా పని. ముందు మామ దగ్గరికే వెళ్లాను. ఆయన నన్ను చూడగానే ఎప్పట్లాగే, "ఏం పని మీదొచ్చిన్రు మేడం?" అన్నాడు నవ్వుతూ. చిన్నప్పటి నుంచీ నాతో ఆ పరాచికం ఉంది.

"పది రోజులు అన్ని గదులూ ఆపాలి మామా. దేశమంతటి నుంచీ జనం వస్తారు" అన్నాను.

"అన్ని గదులా?"

"ఒక్కటి కూడా వేరేవాళ్లకు ఇవ్వొద్దు."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అది సరే గని బిడ్డా, ఆట చూడనీకి వచ్చెటోనికి ఏం గావాలె? దవాఖానోళ్ల సంగతి నాకెరికే. పరీక్షోళ్లదీ ఎరికే. వీళ్లకు ఏ గది మంచిగుంటది?"

నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ. "వస్తే నీకే తెలుస్తుంది" అన్నాను.

నా మాట మీద ఆయన కొత్త దుప్పట్లు పరిపించాడు. ఉత్తర భారతం వాళ్లు వస్తారేమోనని, గోడలకు అతికించే కాగితాల మీద హిందీలో వేన్నీళ్ల వేళలు రాయించాడు. ఎప్పుడూ వచ్చేవాళ్లకు ముందుగా ఫోన్లు చేసి, "ఈ పది రోజులు రాకున్రి, తక్లీఫ్ అయితది" అని చెప్పాడు. అలా చెప్పించుకున్నవాళ్లలో జనగామ దిక్కు నుంచి వచ్చే ఒకామె ఉంది. భర్తకు వైద్యం కోసం మూడు వారాలకోసారి తీసుకొస్తుంది. ఆమె ఎప్పుడూ దిగేది వేన్నీళ్ల పక్క గదిలోనే.

క్రీడలు షురూ అయ్యాయి. ఆరంభోత్సవం నాడు టపాసులు, లైట్లు, ఉపన్యాసాలు. మొదటి రోజు లాడ్జికి ఎవరూ రాలేదు. రెండో రోజూ రాలేదు. బయట "గదులు ఖాళీ లేవు" అని బోర్డు, లోపల మూడు అంతస్తులూ ఖాళీ. ఆ సందులోని లాడ్జీలన్నిటిదీ అదే వరస. ఎందుకంటే అందరికీ చెప్పింది నేనే. ఆటగాళ్లను పెద్ద హోటళ్లలో పెట్టారు. అతిథులనే వాళ్లు సర్కారు గెస్ట్‌హౌస్‌లలో దిగారు. స్టేడియంలో కుర్చీలు వెలవెలబోతున్నాయని బస్సులు పెట్టి బడిపిల్లలను తోలుకొచ్చి కూర్చోబెట్టారు, సాయంత్రానికి ఎవరిళ్లకు వాళ్లను దింపేశారు. పిల్లలకు టోపీలు పంచాం. టీవీలో నిండుగా కనపడింది. మేము ఆఫీసులో చప్పట్లు కొట్టుకున్నాం. తలుచుకుంటే నా మొహం మీద నాకే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

మూడో రోజు ఒక మనిషి వచ్చింది. విజయనగరం వైపు నుంచి, ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో అరిసెల డబ్బా. మామ ఎగిరి గంతేసినంత పని చేశాడట. "ఏం పని మీదొచ్చిన్రమ్మా? ఆట చూడనీకేనా?" అన్నాడు.

"ఆటలు నాకేటి తెలుస్తాయి బాబూ. మా పిల్ల పరుగెడతాది. మూడు నెలలయింది దాన్ని చూసి. చూసుకోడానికొచ్చీసినాను."

ఆమెకు కింద అంతస్తు గది ఇచ్చాడు. ఎందుకలా అని తర్వాత అడిగితే, "బిడ్డ గురించి పరేషాన్ అయితున్న మనిషి. దవాఖానోళ్లకూ ఆమెకూ ఏం ఫరక్?" అన్నాడు. ఆ పది రోజుల్లో క్రీడల పేరు మీద ఆ లాడ్జిలో దిగింది ఆమె ఒక్కతే.

నాలుగో రోజు మామకు మనసు ఆగలేదు. జనగామ ఆమె వచ్చే వారం అది. వైద్యానికి వాయిదా వేసుకునే వీలుండదు కదా, రావద్దంటే ఎక్కడ దిగి ఉంటారని దవాఖానాకు వెళ్లి చూశాడు. అక్కడ రోగుల బంధువులు కూర్చునే రేకుల షెడ్డు కింద ఉన్నారు మొగుడూ పెళ్లామూ. రెండు రాత్రులు అక్కడే పడుకున్నారట. ఆయనకు చలి పెట్టకుండా ఆమె తన చీర కొంగు కూడా కప్పిందట. ఏ లాడ్జికి వెళ్లినా గదుల్లేవన్నారని చెప్పింది.

మామ వాళ్లను ఆటోలో ఎక్కించుకుని తెచ్చాడు, వేన్నీళ్ల పక్క గది తాళం తీశాడు, బయటి బోర్డు పీకి బల్ల కింద పడేశాడు. తర్వాత నాకు ఫోన్ చేశాడు. ఆయన నా మీద గొంతు పెంచడం అదే మొదలు, అదే ఆఖరు.

"నువ్వు చెప్పినవని నమ్మిన. ఖాళీ గదులు పెట్టుకొని రోగమొచ్చినోన్ని బయట పండవెట్టిన. ఎవరొచ్చిన్రే నీ ఆటకు? ఎవరొచ్చిన్రు?"

"ఇంకా ఆరు రోజులున్నాయి కదా మామా" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

అసలు పాపం ఆ తర్వాత జరిగింది. క్రీడలు ముగిశాక మా ఆఫీసరు నన్ను పిలిచారు. "పర్యాటకుల లిస్టు కావాలమ్మా, లాడ్జి వారీగా. మంచి ఫిగర్ రావాలి. పైకి పంపాలి" అన్నారు. ఎవరూ రాలేదు సార్ అని గొణిగాను. "ఆ నెలలో లాడ్జిలో ఎవరూ దిగలేదా? దిగారు కదా. దిగినవాళ్లంతా విజిటర్సే. నీ కాంట్రాక్టు ఫైలు కూడా నా టేబుల్ మీదే ఉంది, గుర్తుంచుకో" అన్నారు. ఇంతకంటే విప్పి చెప్పాల్సిన పనిలేదు.

ఆ నెలంతా లాడ్జీల్లో దిగినవాళ్ల పేర్లు రిజిస్టర్లలోంచి ఎత్తి రాశాను. ప్రతి పేరు ఎదురుగా "క్రీడల సందర్శకులు" అని టైపు చేశాను. మామ లాడ్జి జాబితా పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక్కో పేరూ వేలు పెట్టి చదివాడు.

"ఈయన కోర్టు పని మీదొచ్చిండు" అన్నాడు. "వీళ్లు చీరలకొచ్చిన్రు. ఈ పిల్ల నర్సు పరీక్షకొచ్చింది." జనగామ వాళ్ల పేర్ల దగ్గర వేలు ఆగింది. "వీళ్లను సుత రాసినవా?"

నేను తల దించుకున్నాను. "సంతకం లేకపోతే నా ఉద్యోగం పోతుంది మామా."

ఆయన వాదించలేదు. వాదిస్తే బాగుండేది. తిట్టి బయటికి గెంటినా బాగుండేది. కళ్లద్దాలు తుడుచుకుని, పెన్ను తీసి, చివరన పెట్టాడు సంతకం. కాగితం నా వైపు తోసి, "తీస్కపో" అన్నాడు. ఏళ్ల తరబడి లాడ్జి మెట్లెక్కిన ప్రతి మనిషి పనినీ మర్యాదగా చూసిన మనిషి, ఆ పనులన్నిటినీ ఒక్క గీతతో అబద్ధం చేశాడు, నా కోసం.

నా కాంట్రాక్టు ఆరు నెలలు పొడిగించారు. ఏడో నెలలో తీసేశారు. ఆ క్రీడలు జరిగిన స్టేడియం గేటుకు తాళం పడింది. దాని ముందున్న జాగాను ఫంక్షన్ హాలు వాళ్లు కార్లు నిలుపుకోవడానికి వాడుకుంటున్నారు. అటు వెళ్లినప్పుడల్లా చూస్తుంటాను. ఏ ఊరి నుంచి ఏ పర్యాటకుడు వచ్చి ఆ తాళాన్ని ఫొటో తీసుకుంటాడో నాకైతే కనపడలేదు. బన్సీలాల్‌పేట్‌లో చెత్తతో పూడిపోయిన పాత మెట్లబావిని మురికి తీసి మళ్లీ మెట్లబావిగా చేస్తే మాత్రం జనం వాళ్లంతట వాళ్లే వస్తున్నారు. మామ రోజూ ఆ దారినే వచ్చేవాడు. "ఈ బాయి కోసం గదులు ఆపమని నాకెవ్వరు ఫోన్ చెయ్యలే" అన్నాడొకసారి. ఆ దెబ్బ నాకేనని తెలిసినా తెలియనట్టు ఊరుకున్నాను.

నన్ను ఆయన దూరం పెట్టలేదు. అమ్మకు మందులు తెచ్చేవాడు, పండక్కి నాకు చీర పెట్టేవాడు. కానీ సంతకం పెట్టిన రోజు నుంచి, నేను లాడ్జికి వెళ్తే "ఏం పని మీదొచ్చిన్రు మేడం" అని ఒక్కసారి కూడా అడగలేదు. "రా, కూసో" అనేవాడు. అంతే. క్షమించమని అడుగుదామని ఎన్నిసార్లో వెళ్లాను, చాయ్ తాగి తిరిగొచ్చాను. ఇప్పుడు అడగడానికి మనిషి లేడు.

మొన్న ఆ కొత్త స్టేడియం గురించి ప్రజల అభిప్రాయాలు వింటామని ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు. వేదిక మీద మా పాత ఆఫీసరు ఉన్నారు, ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కారు. ఆ రోజు పొద్దున నేను లాడ్జికి వెళ్లి మామ సామాను సర్దుతుంటే జనగామ ఆమె వచ్చింది. భర్తను దవాఖానాలో చేర్చి, మామను చూసి పోదామని వచ్చిందట. సంగతి విని మెట్ల మీద కూలబడి ఏడ్చింది. అప్పుడు చెప్పాను ఆమెకు, జాబితాలో వాళ్ల పేర్లు ఎలా ఎక్కించానో, ఆ సంగతి చెప్పడానికే సభకు వెళ్తున్నానని. తిడుతుందనుకున్నాను. కళ్లు తుడుచుకుని, "యాడ ఆ మీటింగు?" అంది.

నా వంతు రాగానే మైకు పట్టుకున్నాను. ఆ జాబితా టైపు చేసింది నేనని, మా లాడ్జికి ఆ పది రోజుల్లో క్రీడల కోసం వచ్చింది ఒక్క తల్లేనని, ఆమె కూడా కూతురి కోసం వచ్చిందని చెప్పాను. మిగతా పేర్లన్నీ అబద్ధమన్నాను. మా మామ సంతకం నా ఉద్యోగం కోసం పెట్టినదన్నాను.

ఆఫీసరు ఎంతో జాలిగా నవ్వారు. "మీ అంకుల్ ఈమధ్యే పోయారని విన్నాం మేడం. మీరు ఎమోషనల్‌గా ఉన్నారు, మేం అర్థం చేసుకోగలం. నెక్స్ట్ ఎవరు?" అన్నారు. మైకు పనిచేయడం మానేసింది.

అప్పుడు నా పక్క కుర్చీలోంచి జనగామ ఆమె లేచింది. మైకు అడగలేదు. పొలం గట్టు మీద నుంచి అవతలి మనిషిని పిలిచే గొంతు ఆమెది.

"సారూ, గా ఆటలప్పుడు మేం దవాఖాన షెడ్డు కింద పన్నం. మీరు ఆపిపిచ్చిన గదులన్ని ఖాళీగ ఉన్నయి. మా ఆయన నిలవడనీకే శాతగానోడు, ఏం ఆట చూసిండని రాసుకున్నరు?"

ఎవరో ఫోన్‌లో వీడియో తీయడం మొదలుపెట్టారు. ఆఫీసరు అది చూసి పక్కనున్న గుమాస్తా చెవిలో ఏదో అన్నారు. గుమాస్తా కాగితాలు తిరగేసి, ఒక వరస మీద పెన్నుతో గీత గీశాడు. దూరం నుంచి కూడా చెయ్యి కదలడం నాకు కనపడింది.

"సరేనమ్మా, మీ లాడ్జి పేరు లిస్టులోంచి తీసేయించాను. సంతోషమేనా? కూర్చోండి" అన్నారు ఆఫీసరు.

నాకు కావలసింది అదే. మామ పేరు బయటికి వచ్చింది. కళ్లు తుడుచుకుంటూ కుర్చీలో కూలబడ్డాను.

ఆమె కూర్చోలేదు.

"మరి మిగిలిన లాడ్జీలల్ల ఉన్నోళ్ల పేర్లు, సారూ?"

ఎవరో వచ్చి ఆమె భుజం తట్టి, అయిపోయింది పెద్దమ్మా, కూర్చో అన్నారు. భర్త రిపోర్టులున్న ప్లాస్టిక్ సంచిని రెండు చేతులా గుండెకు అదుముకుని, నెరిసిన తల పైకెత్తి, ఆమె అలాగే నిలబడి ఉంది.